మూడో రేడియేటరు

నమోదు 1408. మొదటి షిఫ్టు. నీళ్ళు 57 డిగ్రీలు.

పన్నెండు రోజుల తర్వాత డ్యూటీ ఎక్కాను. ఈ పన్నెండు రోజులూ ఈ పుస్తకంలో ఒక్క అక్షరం లేదు. రాయాల్సిన మనిషిని నేనే కాబట్టి ఎవర్నీ అనడానికి లేదు.

రాస్తున్నది సారమ్మ, కూలింగ్ ఫిట్టరు, కింది ఊరు. మామూలుగా పేరు రాయను. ఇకనుంచి ఈ పుస్తకాన్ని ఊరి కమిటీ చదువుతుందట. చదివేవాళ్ళలో సగం మందికి నా పనేమిటో తెలియదు. అందుకని కాస్త విడమరిచి రాస్తాను. తెలిసినవాళ్ళు పేజీ తిప్పండి.

ఇవాళ పంపు బెల్టు బిగించాను. ట్యాంకులో నాలుగు బకెట్లు పోశాను. పై గొట్టం మలుపులో చేరిన గాలి బయటికి వదిలాను. గాలి చేరితే గొట్టం గుడగుడమంటుంది, నీళ్ళు తిరగవు, చెవి కాలుతుంది.

చెవి అంటే మా కంప్యూటరు. పన్నెండు గల్లీల కప్పులోనూ దిగ్గొట్టిన పదకొండు వందల మేకుల గుండా రాయి చేసే చప్పుళ్ళు వింటుంది. ఎక్కడ కూలబోతోందో ముందే పసిగట్టి ఆ గల్లీలో కూత వేస్తుంది. కూత వినగానే జనం చంటిపిల్లల్ని చంకనేసుకుని బయటికి ఉరుకుతారు. ఈ బాయి ఒక బొగ్గుగని, ఇందులో తవ్వడం మా తాతల కాలంలోనే ఆగిపోయింది. ఎండలకు పైన బతకలేక మేము దిగాక, బొగ్గు తీసిన దారులే మాకు గల్లీలయ్యాయి.

చెవిని ఎనిమిది గల్లీలకని చేశారు. తర్వాత నాలుగు గల్లీలు పెరిగాయి, రెండో చెవి మాత్రం రాలేదు. అందుకని ఉన్నదాన్నే ఓవర్‌క్లాక్ చేసి, దాని అసలు వేగానికి ఒకటిన్నర రెట్లు తోలుతున్నాం. అంత తోలితే వేడెక్కుతుంది. మరీ వేడెక్కితే కాలిపోకుండా తనంతట తానే నెమ్మదిస్తుంది. నెమ్మదిస్తే కూత ఆలస్యమవుతుంది. దాని ఒంటి మీదుగా నీళ్ళు తిప్పి, ఆ వేడిని మూడు రేడియేటర్లలో వదిలిపెట్టించడం నా పని. బొగ్గు మోసిన పాత డంపరు లారీల రేడియేటర్లు అవి. ఒక్కొక్కటి తలుపంత ఉంటుంది.

పన్నెండు రోజుల కింద ఏడో గల్లీలో కప్పు కూలింది. మామూలుగా చెవి నాలుగు నిమిషాల ముందు కూస్తుంది. ఆ రోజు నలభై సెకన్ల ముందు కూసింది. గల్లీలో పదహారు మంది ఉన్నారు. పదిహేను మంది బయటపడ్డారు. పదహారో మనిషి ఓదెలు, నా భర్త.

ఆ పూట నీళ్ళు 61 డిగ్రీలు. ఎందుకో నాకు తెలియదు. తెలియకపోతే తెలియదనే రాయమన్నారు. రాశాను.

నమోదు 1409. మొదటి షిఫ్టు. నీళ్ళు 57.3.

ఓవర్‌మేన్ బుచ్చిలింగం అన్న కబురు పంపాడు. ఊరికి పెద్ద ఆయనే. ఆఫీసు గదిలో గోడకు పైభాగం ఉష్ణోగ్రత చూపే ముల్లు ఉంటుంది. వెళ్ళేసరికి దానివైపే చూస్తున్నాడు.

"కూసో సారమ్మా."

"నిలవడే ఉంట అన్నా. పంపు ఇడిసిపెట్టి వచ్చిన."

"పైన నలభైతొమ్మిది ఉన్నది ఇయ్యాల. రోహిణి ఇంకా రానే లేదు." ముల్లు మీద గోటితో కొట్టాడు. "పన్నెండో గల్లీ కప్పు కచ్చా ఉన్నది. ఇప్పటికి రాయలింగు కాక కట్టె పట్టుకొని షిఫ్టు షిఫ్టుకు తట్టుకుంట తిరుగుతుండు. ఆయనకు డెబ్బై దాటినయి. ఎన్ని దినాలు తిరుగుతడు?"

"నాకు ఎన్ని దినాలిస్తవ్?"

"తొమ్మిది. తొమ్మిదో దినం మొదటి షిఫ్టు అయ్యేటాల్లకు నీళ్ళు నలభైఐదుకు దిగాలె. లేకుంటె ఆ గల్లీల నలభైఒక్క ఇండ్లను పైకి తోలుత. నాకు వేరే తొవ్వ లేదు."

మూడేళ్ళ కింద ఆరో గల్లీ వాళ్ళు ఇలాగే ఎండాకాలంలో పైకి వెళ్ళారు. వెళ్ళింది ఇరవైరెండు మంది, తిరిగి దిగింది తొమ్మిది మంది. ఆ సంగతి ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. పన్నెండో గల్లీలో మా ఆడబిడ్డ ఐలవ్వ ఉంటుంది, నాలుగు నెలల బిడ్డతో. ఆ సంగతీ ఎత్తలేదు.

"సరే" అన్నాను. గుండె దడదడలాడాల్సిన మాటే. నాకేమీ కాలేదు. వచ్చి పంపు చూసుకున్నాను.

నమోదు 1410. మొదటి షిఫ్టు. నీళ్ళు 57.3.

గొట్టాల బొమ్మ గీశాను. ఇప్పుడు రేడియేటర్లు మూడూ నాలుగో గల్లీలో నా స్టూలు పక్కన, ఒకదాని వెనక ఒకటి ఉన్నాయి. నాకు ముందున్న ఫిట్టరు పెట్టిన తీరు అది. జాగా తక్కువని అలా పెట్టాడు. మొదటిదాన్ని తాకి వేడెక్కిన గాలే రెండోదానికి, ఆ గాలే మూడోదానికి. ఒకరు తాగిన గ్లాసులో ఇంకొకరు తాగినట్టు. ఈ జాగాకు వచ్చినప్పటినుంచీ దీన్ని మార్చాలనుకుంటూనే ఉన్నాను. మార్చలేదు.

కొత్త బొమ్మలో మూడూ పక్కపక్కన ఉంటాయి. ప్రతిదానికీ తాజా గాలి. వదిలిన వేడిగాలి ఇళ్ళలోకి పోకూడదు, ఊరి నుంచి బయటికి పోయే గాలిలోనే కలవాలి. అందుకు వెడల్పైన జాగా కావాలి. అలాంటివి రెండు మూడు ఉన్నాయి. మనుషులు లేనిది ఒక్కటే ఉంది. దాని పేరు ఇవాళ రాయను.

అయినా లెక్క కుదరడం లేదు. ఒకదాని వెనక ఒకటి పెట్టినా కిందటేడు 48 దాటలేదు. ఈ ఏడు 61 ఎందుకైంది? ఫ్యాన్లు బాగానే తిరుగుతున్నాయి. రెక్కల అవతల చెయ్యి పెడితే గాలి రావడం లేదు. రేపు ఒకటి విప్పుతాను.

నమోదు 1411. మొదటి షిఫ్టు. నీళ్ళు 58.

మొదటి రేడియేటరు విప్పి కాలువ దగ్గర కడిగాను. నీళ్ళు తెల్లగా వచ్చాయి. గంజి వార్చినట్టు తెల్లగా.

తెల్లపొడి. రెక్కల సందులన్నీ పూడుకుపోయాయి.

ఈ ముక్క కమిటీ వాళ్ళకు విడమరిచి చెప్పనక్కర్లేదు. కింది ఊళ్ళో పుట్టిన వాళ్ళందరికీ తెలుసు. కానీ పుస్తకం పుస్తకమే. బొగ్గు గోడల మీద సున్నపురాయి పొడి చల్లకపోతే బొగ్గు ధూళి ఎప్పుడైనా అంటుకుని ఊరంతా పేలిపోతుంది. అందుకని తడి లేని గల్లీలన్నిటిలో షిఫ్టు షిఫ్టుకూ పొడి చల్లాలి. తెల్లగా ఉంటే బతుకు, నల్లగా ఉంటే చావు. పిల్లలకు మాటలు రాకముందే నేర్పేది ఇదే, తెల్లది తుడవొద్దని. చంటిపిల్లలకు దిష్టిచుక్క కూడా ఆ పొడితోనే పెడతాం. చిన్నప్పుడు గోడ మీద వేలితో బొమ్మ గీసినందుకు మా అమ్మ నా వేళ్ళ మీద గరిటెతో కొట్టింది.

నేను వారం వారం ఈ రేడియేటర్లు తుడుస్తాను. నల్లగా ఉన్నచోటల్లా తుడుస్తాను. తెల్లది కనబడితే చెయ్యి దానంతటదే ఆగిపోతుంది. పైగా మంచిదే అనిపిస్తుంది. ఎన్ని నెలలుగానో రోజూ నా కళ్ళ ముందు రెక్కలు తెల్లబడుతూ వచ్చాయి. నేను చూశాను. చూసి బాగుందనుకున్నాను.

నాలుగో గల్లీలోనూ ఏడో గల్లీలోనూ పొడి చల్లేది ఓదెలు. అతని డ్యూటీ అది. భుజాన సంచి వేసుకుని, ఉంగరం వేలు సగం తెగిన ఆ కుడిచేత్తో చల్లుకుంటూ పోయేవాడు. ఆ సగం వేలు పాతకాలపు బొగ్గు తొట్టి గొలుసులో పడి పోయింది. షిఫ్టు అయ్యాక నా స్టూలు దగ్గర ఆగి, సంచి అడుగున మిగిలింది నా చుట్టూ చల్లేవాడు.

"రొట్టెల పిండి చల్లినట్టు చల్లుతున్నవేంది, నన్ను కాలుస్తవా?" అనేదాన్ని.

"నువ్వు కూసునే జాగ గదా. రెండు పిడికెళ్ళు ఎక్కువ పడితె నా సొమ్మేం పోయింది?" అనేవాడు.

రెండు పిడికెళ్ళు. రోజుకు రెండు. పెళ్ళయి పద్నాలుగేళ్ళు. ఈ జాగాకు నేను మారి ఒక ఏడాది. ఎన్ని పిడికెళ్ళో లెక్క కట్టాను. రాయను.

నమోదు 1412. రెండో షిఫ్టు. నీళ్ళు 58.4.

రెండోది కడిగాను. అదే సంగతి.

మూడోది విప్పాను. నా స్టూలుకు దగ్గరిది. మందంగా పట్టింది. కడగలేదు. కింద లీకు ఉన్నట్టుంది, రిపేరు చేయాలి. గోనెపట్టా కప్పి స్టోరు పక్కన నిలబెట్టాను.

ప్రస్తుతానికి రెండింటితోనే బొమ్మ గీస్తున్నాను.

నమోదు 1413. మొదటి షిఫ్టు. నీళ్ళు 53.

కడిగిన రెండింటినీ పాత జాగాలోనే పెడితే 53కు దిగింది. చాలదు. పైగా ఇక్కడ పొడి చల్లడం ఆపలేం. నెల తిరిగేసరికి మళ్ళీ పూడుకుంటాయి. రేడియేటర్లకు పొడి అవసరం లేని చోటు కావాలి. తడి గల్లీలో ధూళి లేవదు, కాబట్టి పొడి చల్లరు. ఊళ్ళో తడి గల్లీ ఒకటే, ఏడోది. వెడల్పైనది, మనుషులు లేనిది కూడా అదే. కూలినప్పటినుంచి కప్పులోంచి నీళ్ళు కారుతున్నాయి. ఆ చుక్కలు రెక్కల మీద పడితే ఇంకా చల్లబడతాయి. గాలి కూడా అటునుంచే బయటికి పోతుంది.

ఎటు తిప్పి గీసినా గొట్టం అక్కడికే పోతోంది.

బొమ్మ తీసుకుని బుచ్చిలింగం అన్న దగ్గరికి వెళ్ళాను. కూలిన గల్లీ అందులో ఉండిపోయిన మనిషి ఇంటివాళ్ళది. వాళ్ళు ఇస్తేనే ఎవరైనా అందులో అడుగు పెట్టాలి. అడగాల్సిన తీరు ఒకటుంది, మూడుసార్లు అడగాలి. అన్న లేచి నిలబడి దీపం టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"సారమ్మా, ఓదెలు గల్లీ ఊరికి ఇస్తవా?"

"ఇస్త."

"ఇస్తవా?"

"ఇస్త."

మూడోసారి ఆయన అడగలేకపోయాడు. నేనే మూడోసారి ఇస్తనన్నాను. ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. నేను ఎన్ని గజాల గొట్టం కావాలో చెప్పి స్టోరు చీటీ మీద సంతకం పెట్టించుకున్నాను.

నమోదు 1415. మొదటి షిఫ్టు. నీళ్ళు 46.8.

ఏడో గల్లీలో ఇద్దరమే పనిచేశాం, నేనూ రాయలింగు కాకా. కూలిన రాళ్ళ కుప్పకు ఇరవై అడుగుల ఇవతల మా జాగా. ముందు కాక కప్పు చూశాడు. ఆయన కుడిచెవి ఏనాడో పోయింది. ఎడమచెయ్యి రాయికి ఆనించి, కుడిచేత్తో కట్టెతో తడతాడు. కంప్యూటరు చెవి రాకముందు ఊరంతా ఈ చేతి మీదే బతికింది.

"వినబడుతుందా కాకా?"

"చెవితోని వినేది గాదు బిడ్డా ఇది. మంచి రాయి చేతిల గట్టిగ పలుకుతది. పాడు రాయి జలజలమంటది." మూడు అడుగులు జరిగి మళ్ళీ తట్టాడు. "ఇది గట్టిగున్నది. పెట్టుకో."

వేడినీళ్ళ గొట్టాన్ని రెండు రేడియేటర్లకూ సమానంగా రెండు పాయలు చేశాను. పంపును ట్యాంకు కన్నా కింద పెట్టాను, లేకపోతే గాలి మింగుతుంది. సాయంత్రానికి 46.8 అయింది. కూత రెండు నిమిషాల యాభై సెకన్ల ముందు వస్తోంది.

కాక సామాను సర్దుకుంటూ అడిగాడు. "మూడోది ఏది?"

"లీకున్నది."

కాక సంచి భుజాన వేసుకున్నాడు. పోతూ పోతూ రాళ్ళ కుప్ప వైపు తిరిగి టోపీ తీశాడు. నేను స్పానర్లు లెక్కపెట్టుకున్నాను. ఒకటి తగ్గింది, పంపు కింద దొరికింది.

నమోదు 1416. మొదటి షిఫ్టు. నీళ్ళు 47.5. పైన 51.

ఐలవ్వ నాకు మక్క గట్క, పచ్చిపులుసు తెచ్చింది. బిడ్డ ఒళ్ళో ఉంది, చెంప మీద తెల్లచుక్క. నేను తిన్నంతసేపూ ఐలవ్వ నా ముఖమే చూసింది. ఉప్పు తక్కువైందో ఎక్కువైందో నాకు తెలియలేదు. ఈ మధ్య ఏదీ తెలియడం లేదు.

"నువ్వు ఏడ్వవా వదినె?"

"పనున్నది ఐలవ్వా."

"అన్న పోయిన్నాటి నుంచి నీ కండ్లల్ల నీళ్ళు సూడలే. గల్లీల అందరు అడుగుతుండ్రు. నేనేం జెప్పాలె?"

"ఫిట్టరుకు తీరిక లేదని జెప్పు."

ఆమెకు కోపం వచ్చింది. గిన్నె లాక్కుంది. రెండడుగులు వేసి మళ్ళీ వెనక్కి వచ్చి, బిడ్డను నా ఒళ్ళో పడేసి, గిన్నె కడగడానికి పోయింది. బిడ్డ నా చీర మీది డ్యూటీ చొక్కా గుండీ పట్టుకుంది. వచ్చేదాకా వదల్లేదు.

వెళ్ళేటప్పుడు అడిగింది. "మమ్ముల పైకి తోలుతరా?"

"మూడోది పెడితె అక్కరలేదు."

"ఎప్పుడు పెడ్తవ్?"

రిపేరులో ఉందని చెప్పాను.

నమోదు 1417. మొదటి షిఫ్టు. నీళ్ళు 48.3. పైన 52.

పైన ఎండ పెరిగితే లోపలికి వచ్చే గాలి వేడెక్కుతుంది, గాలితోపాటు నీళ్ళూ. రోజుకు డిగ్రీ చొప్పున ఎక్కుతోంది. ఫ్యాన్ల వేగం పెంచి చూశాను, అర డిగ్రీ దిగింది. గొట్టాలు అటుదిటు మార్చి చూశాను, ఏమీ దిగలేదు. చెవి వేగం తగ్గించుదామంటే పన్నెండో గల్లీని వినడం మానేయాలి. చేయాల్సినవన్నీ చేశాను, ఒక్కటి తప్ప.

రాయలింగు కాక స్టోరుకు వచ్చాడు. గోనెపట్టా ఎత్తి చూశాడు. చాలాసేపు చూశాడు. పట్టా మళ్ళీ ఎలా ఉన్నదో అలాగే జాగ్రత్తగా కప్పాడు.

"లీకు ఏడున్నది?"

"కింద."

"ఊ" అన్నాడు. స్టూలు మీద కూర్చుని మోకాళ్ళు పిసుక్కున్నాడు. "నాకు పన్నెండోదాంట్ల రాయి జలజలమంటున్నది బిడ్డా. రెండు రోజుల సంది. ఏడ అంటున్నదో దొరుకుతలేదు. నా చెయ్యి మొద్దుబారింది."

ఈ ముక్క ఓవర్‌మేన్‌కు చెప్పమన్నాను. చెప్పానన్నాడు.

నమోదు 1418. మొదటి షిఫ్టు. నీళ్ళు 49.6. పైన 53.

ఎనిమిదో రోజు.

పది గంటలకు పన్నెండో గల్లీలో కూత వేసింది. కూత వేసిన యాభై సెకన్లకు కప్పులోంచి ఒక పెచ్చు ఊడింది. పెద్దదేం కాదు, రోలంత, అంత చిన్నదాని చప్పుడు చెవికి ఆలస్యంగా అందుతుంది. ఐలవ్వ ఇంట్లో పడింది. ఉయ్యాలలో పడింది.

నేను పరుగెత్తి వెళ్ళేసరికి జనం గల్లీ మొదట్లో నిలబడి ఉన్నారు. ఐలవ్వ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. బిడ్డ ఆమె రొమ్ము దగ్గర పాలు తాగుతోంది. ఆకలికి ఏడిస్తే అప్పుడే ఉయ్యాలలోంచి ఎత్తుకుందట. అంతకన్నా ఏమీ లేదు. కూత వల్ల కాదు, నా వల్లా కాదు, బిడ్డకు ఆకలైనందువల్ల.

ఐలవ్వ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది.

"మూడోది ఎప్పుడైతది వదినె?" అంది. గొంతు మామూలుగా ఉంది. నా గొంతు లాగే ఉంది.

నాకు భయం వేసింది. ఇరవై రోజుల్లో నాకు ఏదైనా అనిపించడం అదే మొదటిసారి.

"ఇయ్యాల" అన్నాను.

నమోదు 1419. రెండో షిఫ్టు. నీళ్ళు 41.

దిద్దుబాటు. నమోదు 1412లో మూడో రేడియేటరుకు లీకు ఉందని రాశాను. అది అబద్ధం. అందులో ఏ లోపమూ లేదు. 1415లో కాకతోనూ, 1416లో ఐలవ్వతోనూ, 1417లో మళ్ళీ కాకతోనూ అన్నది అదే అబద్ధం.

ఉన్నదేమిటో రాస్తాను. ఆ రేడియేటరు ముందు భాగంలో, రొమ్మెత్తున, మందంగా పట్టిన పొడిలో ఒక అరచెయ్యి అచ్చు ఉంది. నాలుగు వేళ్ళు నిండుగా, ఉంగరం వేలు సగం. ఓదెలు సంచి దులిపాక దాని మీద చెయ్యి ఆనించి నిలబడి నాతో మాట్లాడేవాడు. వెచ్చగా ఉంటుందని ఆనించేవాడు. ఆ చివరిరోజు ఏం మాట్లాడాడో నాకు జ్ఞాపకం లేదు. పప్పులో చింతపండు గురించి అయి ఉండాలి.

అతని ఒళ్ళు మాకు దొరకలేదు. ఇంట్లో అతని చెప్పులున్నాయి, చొక్కాలున్నాయి. చెయ్యి ఇదొక్కచోటే ఉంది.

చెయ్యి పడినంత మేర వదిలేసి మిగతాది కడగొచ్చా అని లెక్క వేశాను. ఫిట్టరును కదా, లెక్క వేయకుండా ఉండలేను. అంత మేర వదిలినా నీళ్ళు 41న్నర దగ్గర ఆగుతాయి. లెక్క బాగానే కుదిరింది. కానీ పొడి రెక్కల లోతుల్లో ఉంది, వెనకనుంచి నీళ్ళు కొడితేనే వస్తుంది. వెనకనుంచి కొట్టిన నీళ్ళకు ఎక్కడ ఆగాలో ఎవరు చెప్పగలరు.

రాయలింగు కాకను పిలిచాను. రేడియేటరును ఇద్దరం కాలువ దగ్గరికి మోసుకెళ్ళాం. కాక గొట్టం తీసుకుంటానన్నాడు. వద్దన్నాను. ముందు నా చేతిని ఆ చేతి మీద పెట్టాను. నా వేళ్ళు పొట్టివి, అచ్చు బయట అంగుళం మిగిలింది. సగం వేలు దగ్గర మాత్రం నా వేలే పొడుగు. తర్వాత వెనక్కి వెళ్ళి గొట్టం తిప్పాను.

ఆరు నిమిషాలు తెల్లగా పారింది. తర్వాత మామూలు నీళ్ళు పారాయి.

ముందువైపు వచ్చి చూస్తే రెక్కల్లోంచి అవతల నిలబడ్డ కాక ముఖం కనబడింది. ఆయన ఏడుస్తున్నాడు. నేను కింద కాలువలో కూర్చుండిపోయాను. చీర తడిసింది. ఎంతసేపు కూర్చున్నానో పుస్తకంలో రాయడానికి గడియారం చూసుకోలేదు. కాక లేపాడు. ఇద్దరం మూడోదాన్ని ఏడో గల్లీకి మోసుకెళ్ళి బిగించాం. రెండో షిఫ్టు సగంలో 43. షిఫ్టు దిగేసరికి 41.

నమోదు 1420. మొదటి షిఫ్టు. నీళ్ళు 41. పైన 53.

తొమ్మిదో రోజు. బుచ్చిలింగం అన్న వచ్చి నీళ్ళ వేడి చూపే ముల్లు చూశాడు. పన్నెండో గల్లీని పైకి పంపడం లేదని రాసి సంతకం పెట్టాడు.

నమోదు 1423. మొదటి షిఫ్టు. నీళ్ళు 41.2. పైన 54.

పదకొండు గంటల ఎనిమిది నిమిషాలకు పన్నెండో గల్లీలో కూత వేసింది. నాలుగు నిమిషాల పది సెకన్ల తర్వాత ముప్పై అడుగుల మేర కప్పు కూలింది. రాయలింగు కాక చేతికి జలజలమంటూనే ఎక్కడో దొరకని చోటు అదే.

నలభైఒక్క ఇళ్ళవాళ్ళు బయట ఉన్నారు. ఓవర్‌మేన్ రెండుసార్లు లెక్కపెట్టాడు. నేను ఒకసారి లెక్కపెట్టాను. నూటఅరవైఏడు మంది. ఐలవ్వ బిడ్డతో కలిపి. కూలినది దిట్టం చేసేదాకా వాళ్ళంతా మొదటి గల్లీలో చుట్టాల ఇళ్ళల్లో సర్దుకుంటారు. ఐలవ్వ నా దగ్గర ఉంటుంది. వచ్చీరాగానే నా గిన్నెలు సరిగ్గా తోమలేదని మళ్ళీ తోమడం మొదలుపెట్టింది. చెప్పులు ఉన్నచోట మాత్రం కదపలేదు.

సాయంత్రం బుచ్చిలింగం అన్న ఈ పుస్తకం పట్టుకుని వచ్చాడు. 1411 నమోదు మీద వేలు పెట్టాడు.

"ఇది కొట్టెయ్ సారమ్మా. పొడి పట్టి గాలి ఆగింది అని రాస్తె సాలు. ఓదెలు పేరెందుకు? పోయినోడు."

"ఆయన చల్లిండు. నేను సూసి తుడవకుంట ఇడిసిపెట్టిన. ఇద్దరం ఉండాలె పుస్తకంల."

"రేపొద్దుగాల జనం ఏమనుకుంటరు?"

"ఏమన్న అనుకోని అన్నా. తెల్లది గూడ చంపుతదని తెలవాలె గదా."

ఆయన కొట్టేయలేదు. పుస్తకం నా చేతికి ఇచ్చి వెళ్ళాడు.

నా తర్వాత ఈ పుస్తకం రాసే ఫిట్టరుకు. రేడియేటర్లు ఏడో గల్లీలో ఉన్నాయి, మూడూ పక్కపక్కన. వారానికి ఒకసారి విప్పి వెనకనుంచి కడగాలి. మూడోది ఎక్కువసేపు కడగాలి, దాని రెక్కలు కాస్త వంగి ఉన్నాయి. తెల్లది కనబడితే తుడిచెయ్యి. చిన్నప్పటినుంచి నీకు ఏం నేర్పినా సరే, తుడిచెయ్యి. చెయ్యి రాకపోతే నన్ను పిలువు. నేను వచ్చి తుడుస్తాను.